బదిలీ పెట్టె

“ట్రాన్స్‌ఫర్ కేసు” అను మాట చెవిని పడగానే మన ఉపాధ్యాయ సోదరులలో పలువురకు జిల్లా విద్యాశాఖ కార్యాలయపు బీరువాలో మూలుగుచున్న దస్త్రమొకటి జ్ఞప్తికి వచ్చినను ఆశ్చర్యము లేదు. బదిలీ యన్న మాటపై మనకు గల బెదురు అట్టిది. కాని నేనిచ్చట చెప్పబోవు బదిలీ మనుష్యులకు సంబంధించినది కాదు, బలమునకు సంబంధించినది. కేసు అనగా దావాయు కాదు, దస్త్రమును కాదు; కేవలము పెట్టె. నాలుగు చక్రములును ఇంజనుబలముతో తిరుగు పికప్పు వాహనములలో గేరుబాక్సు వెనుక ఒదిగియుండి, అందుండి వచ్చిన బలమును ముందు ఇరుసునకును వెనుక ఇరుసునకును పంచియిచ్చు లోహపు పెట్టె ఇది. తెలుగున బదిలీ పెట్టె అన్నచో అర్థము కాకపోదు. షెడ్లలోని మేస్త్రీలు మాత్రము ట్రాన్స్‌ఫర్ కేసు అనియే యందురు.

అమెరికా పల్లెలలో పికప్పు లేని రైతు అరుదు. గడ్డికట్టలు, కంచె గుంజలు, పనిముట్లు, దాణా బస్తాలు అన్నియు దాని వెనుక తొట్టిలోనే ప్రయాణము చేయును. మంచు కురియు ఉత్తర రాష్ట్రములలో నాలుగు చక్రముల బలము విలాసము కాదు. శీతకాలమున ఇల్లు చేరుటకు ఆధారము. క్రొత్త బండి కొను స్తోమత లేక, పాతదానిపై మమకారము చావక, ఇరువది ఏండ్లు నిండిన బండిని బాగుచేసికొని వాడుకొనువారు అచ్చట ఎందరో కలరు. అట్టి బండిలో ఈ పెట్టె అరిగినప్పుడు దానిని మార్చవలసి వచ్చును. ఆ మార్పిడిని గూర్చియే ఈ వ్యాసము.

తెలుగు పాఠము చెప్పువానికి ఈ ఇనుప సామానుతో పని యేమి యని చదువరులు అడుగవచ్చును. పని కలదు. పాతదానిని విప్పి క్రొత్తదానిని బిగించుట ఈ కార్యములో సగమే. పాతది ఏల చెడెనో కనుగొనుట తక్కిన సగము. ఈ రెండవ సగమును విడిచినవాడు ఒకే పనికి రెండుమారులు సొమ్ము చెల్లించును. ఇది బండికే కాదు, బడికిని వర్తించు మాట. కాని ముందుగా బండి సంగతి చూతము.

మామూలు దారిపై ఇట్టి పికప్పు వెనుక చక్రముల బలముతోడనే నడచును. గేరుబాక్సునుండి వచ్చిన బలము పెట్టెలోని ప్రధాన దండము గుండ సూటిగా వెనుకకు పోవును. బురదయో, ఇసుకయో, మంచో అడ్డమైనప్పుడు నడుపువాడు మీటను కదల్చును. తరువాతి కాలపు బండ్లలో స్విచ్చి నొక్కును. అప్పుడు పెట్టెలోపల కంకణమువంటి భాగమొకటి జరిగి ముందు చక్రముల దండమును ప్రధాన దండముతో ముడివేయును. ఇంకొక స్థానమున పళ్లచక్రముల గుంపు నడుమ చేరి, వేగమును తగ్గించి లాగుడుబలమును పెంచును. జనరల్ మోటార్స్ వారి పికప్పులలో వాడిన 246, 261 అను సంఖ్యలు గల పెట్టెలలో ఈ నిష్పత్తి 2.72. అనగా గేరుబాక్సు దండము 2.72 చుట్లు తిరిగినప్పుడు ఇరుసులవైపు పోవు దండము ఒక్క చుట్టు తిరుగును. ఏ ఇరుసునకును బలము అందని తటస్థ స్థానము కూడ పెక్కు పెట్టెలలో ఉండును.

ఇచ్చట ఒక చిక్కు కలదు. బండి మలుపు తిరుగునప్పుడు ముందు చక్రములు నడచు దారి వెనుక చక్రముల దారికంటె పొడవైనది. రెండు ఇరుసులను ముడివేసిన పిమ్మట ఈ తేడా ఎట్లు తీరవలెను? బురదలో చక్రము కొంచెము జారి తేడా తీర్చుకొనును. ఎండిన తారు రోడ్డుపై అది అంత సులభముగా జారదు. ఆ పెనుగులాట అంతయు పెట్టెలోని గొలుసుపైనను, దండములపైనను పడును. అందుచేతనే మీటతో కలుపు పాతతరహా బండ్లలో ఎండిన రోడ్డుపై నాలుగు చక్రములను కలిపి నడుపరాదని చెప్పుదురు.

టైర్లు సమానముగా లేకున్నను ఇదియే గతి. ఎనిమిదవ తరగతి విద్యార్థి వేయదగిన లెక్క ఒకటి చూడుడు. 30 అంగుళముల వ్యాసముగల క్రొత్త టైరు ఒక కిలోమీటరు దూరము పోవుటకు సుమారు 418 మారులు తిరుగును. దాని పైపట్టీ 8 మిల్లీమీటర్లు అరిగిన పిమ్మట అదే దూరమునకు సుమారు 427 మారులు తిరుగవలెను. ముందు అరిగినవి, వెనుక క్రొత్తవి వేసి, నాలుగింటిని ముడివేసి నడపినచో ప్రతి కిలోమీటరునకు తొమ్మిది చుట్ల తగవు. ఆ తగవును తీర్చలేక ఇనుము అరుగును. రెండు టైర్ల ఖర్చు మిగిలినదని సంతోషించినవాడు కొంతకాలమునకు పెట్టె ఖర్చు పెట్టుకొనును.

ఈ పెట్టె చరిత్ర చిన్నది కాదు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున క్లింటన్‌విల్ అను ఊరిలో ఆటో జాకౌ, విలియం బెసర్‌డిక్ అను ఇరువురు యంత్రకారులు నాలుగు చక్రములకును బలము నందించు ఏర్పాటునకు 1908లో పేటెంటు పొందిరి. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1941 నుండి, జీపు ఈ ఏర్పాటును లోకమంతట తిప్పినది. 1946లో డాడ్జి కంపెనీవారు పవర్ వాగన్ అను నాలుగు చక్రముల బలముగల పికప్పును సామాన్య ప్రజలకు అమ్మజూపిరి. మరునాటి ఏడు విల్లీస్ వారి పికప్పు వచ్చినది. షెవ్రొలే 1957లోను, ఫోర్డు 1959లోను అదే దారి పట్టినవి. మన దేశమునకు ఇది పరాయి వస్తువు కాదు. మహీంద్రావారు 1940ల చివర విల్లీస్ జీపులను ఇచ్చట కూర్ప నారంభించిరి. మన్యపు దారులలోను, బ్లాకు ఆఫీసుల ముంగిళ్లలోను తిరిగిన ఆ జీపులలో గేరు మీట ప్రక్క మరి రెండు చిన్న మీటలుండుట పెద్దలకు జ్ఞప్తియందుండును. ఆ రెండును ఈ బదిలీ పెట్టె మీటలే.

అమెరికా పికప్పులకు ఈ పెట్టెలను చేసి యిచ్చిన కర్మాగారములలో న్యూయార్కు రాష్ట్రపు సిరక్యూజ్ నగరమునకు చెందిన న్యూ ప్రాసెస్ వారిది ప్రసిద్ధమైనది. ఆ సంస్థ 1888లో స్థాపింపబడినప్పుడు చేసినవి ఇనుప చక్రములు కావు. పచ్చితోలును గట్టిపరచి చేసిన పళ్లచక్రములు! తోలు చక్రము చప్పుడు చేయదని ఆనాడు వానికి గిరాకి. తోలుతో మొదలైన ఆ కర్మాగారము ఉక్కు చక్రములకు మారి, చేతులు మారి, తుదకు 2012లో మూతపడినది. అయినను అచ్చట పుట్టిన పెట్టెలు నేటికిని వేలకొలది బండ్ల క్రింద తిరుగుచున్నవి.

తొలినాటి పెట్టెలు మొరటువి, బలమైనవి. 205 అను సంఖ్య గల పెట్టెకు పోత ఇనుప కవచము. లోపల పళ్లచక్రమునకు పళ్లచక్రమే జోడు. బరువెక్కువ, రొద యెక్కువ, ఆయువు నెక్కువ. 1973 తరువాత పెట్రోలు ప్రియమైనది. బండి బరువు తగ్గింపక తప్పలేదు. 1980లో వచ్చిన 208 పెట్టెకు అల్యూమినియం కవచము, లోపల పళ్లచక్రముల వరుసకు బదులు ఉక్కు గొలుసు అమర్చిరి. పిమ్మట మెగ్నీషియం మిశ్రమలోహపు కవచములు వచ్చినవి. బరువు తగ్గినది, చప్పుడు తగ్గినది. కాని తేలిక లోహము మెత్తని లోహము కూడ. ఆ మెత్తదనమునుండి పుట్టిన వ్యాధి యొకటి తెలిసికొనదగినది.

1999 నుండి 2007 వరకు వచ్చిన షెవ్రొలే సిల్వరాడో తరగతి పికప్పులలో 246, 261, 263 సంఖ్యల పెట్టెలు కలవు. పై భాగములకు ఆయిలు అందించుటకు ఈ పెట్టెల వెనుక భాగమున, ప్రధాన దండముపై, చిన్న పంపు ఉండును. దండము తిరుగుచున్నప్పుడు పంపు పైతొడుగు దానితోపాటు తిరుగక నిలిచియుండవలెను. అందులకై ఆ తొడుగునకు చెవులవంటి కొనలు పెట్టి, కవచపు గోడకు ఆనించిరి. నడుమ పలుచని రేకు ఒకటి. బండి నడచినంతసేపు ఆ తొడుగు సన్నగా అదరుచుండును. కొన్ని ఏండ్లకు రేకు అరుగును. అటుపై గట్టి కొన మెత్తని మెగ్నీషియం గోడను రాయుచు రాయుచు, తుదకు గుండుసూది తలయంత రంధ్రము చేయును. మేస్త్రీలు దీనిని పంపు రాపిడి అందురు.

ఈ రంధ్రము పడు చోటు విచిత్రమైనది. అది కవచమున ఆయిలు మట్టమునకు పైన పడును. బండి నిలిచియున్నప్పుడు ఒక్క చుక్కయు కారదు. ఇంటి ముంగిట నేల పొడిగా ఉండును. బండి పరుగెత్తునప్పుడు మాత్రము లోపల చిమ్మబడిన ఆయిలు ఆ రంధ్రము గుండ బయటికి పోయి, బండి అడుగున సన్నని పూతవలె పరచుకొనును. దానిపై దుమ్ము పేరుకొని జిడ్డు కూడ గుర్తు తెలియకుండ పోవును. పెట్టెలో పట్టు ఆయిలు సుమారు రెండు లీటర్లు మాత్రమే. అది తరిగి పంపునకు అందని స్థితి వచ్చిన పిమ్మట బేరింగులు ఎండును, గొలుసు కాలును. నిండు వేగములో దండము పట్టివేసినచో బండి ఏమగునో, లోనున్నవారి గతి ఏమగునో చెప్పనక్కరలేదు.

పొగను జూచి నిప్పును ఊహించుట మన తర్కము నేర్పిన మొదటి పాఠము. కాని పొగ లేదు గనుక నిప్పు లేదనుట ఆ పాఠములో లేదు. కాలిన ఇనుపగుండులో నిప్పుండును, పొగ యుండదు. నేలపై మరక లేదు గనుక పెట్టెలో ఆయిలు ఉన్నదని నమ్మినవాడు ఇట్టి పొరపాటు తర్కమునకే లోబడును. తెలిసికొను మార్గము ఒక్కటే. పెట్టె ప్రక్కనున్న మర విప్పి, వ్రేలు పెట్టి, ఆయిలు ఆ రంధ్రపు అంచువరకు ఉన్నదో లేదో చూచుట.

పెట్టె అరిగినదనుటకు గుర్తులు వేరు వేరు. నాలుగు చక్రముల స్థానములో ఎక్కుడు బలము వేసినప్పుడు టకటకమని దెబ్బ కొట్టినట్లు వినబడినచో గొలుసు సాగి పళ్లపై జారుచున్నదని అనుమానింపవలెను. తగ్గింపు స్థానమునుండి మీట తనంతట వెనుకకు దూకినచో లోపలి కొంకియో, కంకణమో అరిగియుండును. వేగముతోపాటు పెరుగు హోరు వెనుక బేరింగునకు సంబంధించినది కావచ్చును. ఆయిలు తీసినప్పుడు అందు వెండివలె మెరయు పొడి కనబడినచో అరుగుదల నిజమేయని తేలును. అయితే అన్ని లోపములును పెట్టెవి కావు. స్విచ్చి నొక్కిన బండిలో నాలుగు చక్రములు కలియనప్పుడు దోషము స్విచ్చిదో, కంకణమును జరుపు చిన్న మోటారుదో కావచ్చును. తలనొప్పికి తల మార్చువాడుండడు గదా! మొదట తేలిక భాగములను పరీక్షించి, తరువాతనే పెట్టె జోలికి పోవలెను.

మార్పిడి నిశ్చయమైన పిమ్మట మూడు మార్గములు. ఉన్నదానినే విప్పి, చెడిన భాగములు మార్చి, తిరిగి కూర్చుట మొదటిది. ఓపికయు, చేతి నేర్పును ఉన్నవారికి ఇది తగును. పాత బండ్లను విడదీసి అమ్ము అంగడినుండి వాడిన పెట్టె తెచ్చుట రెండవది. ఖరీదు తక్కువ, జాతకము తెలియదు. కర్మాగారమున పునరుద్ధరించిన పెట్టె కొనుట మూడవది. ఇందులో ఒక మంచి ఆచారము కలదు. మన పాత పెట్టెను తిరిగి యిచ్చువరకు అంగడివాడు కొంత సొమ్ము ధరావతుగా ఉంచుకొనును. దానినే మరల బాగుచేసి ఇంకొకరికి అమ్మును. ఇనుము వ్యర్థము కాదు.

ఏ మార్గము పట్టినను సరియైన జోడు చూచుకొనవలెను. పెట్టె వెనుక గుండ్రని చిన్న రేకుపై దాని సంఖ్య చెక్కియుండును. అది మొదట చదువవలెను. గేరుబాక్సు దండము లోనికి దూరు చోట గాడులను లెక్కింపవలెను. జనరల్ మోటార్స్ పెట్టెలలోనే కొన్నింటికి 27 గాడులు, కొన్నింటికి 32. పైకి కవలపిల్లలవలె నున్న రెండు పెట్టెలు ఈ ఒక్క సంఖ్య కలియక పనికిరాకపోవును. వాడిన పెట్టె కొనువాడు దాని వెనుక కవచమును వెలుతురులో పట్టి పంపు చోట గోడ పలుచబడెనో లేదో చూడవలెను. లేనిచో ఇంకొకరి వ్యాధిని సొమ్ము పెట్టి కొని తెచ్చుకొన్నట్లగును.

ఇక విప్పుట. ఇచ్చట ప్రాణాపాయము గల విషయమొకటి ముందుగా చెప్పవలెను. ఆటోమాటిక్ గేరుబాక్సు గల బండిని నిలుపుటకు ‘పార్కు’ స్థానము కలదు. దాని కొక్కెము గేరుబాక్సులో నున్నది, చక్రములలో కాదు. గేరుబాక్సునకును ఇరుసునకును నడుమనున్న దండము విప్పినను, బదిలీ పెట్టె తటస్థములో ఉన్నను, ఆ కొక్కెము చక్రములను పట్టలేదు. మీట పార్కులోనే ఉండును, బండి పల్లమునకు దొర్లును. క్రింద పడుకొని పనిచేయువానికి అదియే మృత్యువు కాగలదు. కనుక సమతలమున నిలుపుట, చక్రములకు అడ్డు దిమ్మలు వేయుట, చేతి బ్రేకు బిగించుట, జాకీని నమ్మక గట్టి స్టాండులపై బండిని నిలుపుట—ఇవి విడువరానివి.

తరువాత బాటరీ తీగ విప్పి, పెట్టెలోని ఆయిలు తీసివేయుదురు. దండములను విప్పక ముందు కలయు చోటుల రంగుతో గీత పెట్టుదురు. తిరిగి అదే చోట అదే ముఖముతో కలపకున్న తూకము తప్పి బండి అదరును. వేగము కొలుచు తీగలు, మీట కడ్డీ, గాలి పీల్చు గొట్టము వరుసగా విడదీయుదురు. గేరుబాక్సు వెనుక భాగమునకు ఆధారమిచ్చి, పెట్టెను ప్రత్యేకపు జాకీపై పట్టీతో కట్టి, బోల్టులు తీసి, తిన్నగా వెనుకకు లాగుదురు. చలిదేశములో రోడ్డుపై చల్లు ఉప్పువలన బోల్టులు తుప్పుపట్టి మొండికెత్తుట మామూలే. తొందరపడినవాడు బోల్టు విరుగగొట్టును. తెలిసినవాడు ముందునాటి సాయంకాలమే తుప్పు కరగు ఆయిలు పోసి నిద్రపోవును.

బిగించునప్పుడు కావలసినది ఓర్పు. ముఖములు శుభ్రము చేసి, క్రొత్త గాస్కెట్ పెట్టి, వెనుక దండమును చేతితో మెల్లగా త్రిప్పుచు గాడులు కలియువరకు పెట్టెను ముందుకు నెట్టవలెను. కలియక ముందే బోల్టులు బిగించి లాగవలెనని చూచినచో మెత్తని కవచము పగులును. ఆయిలు విషయమున ఊహ పనికిరాదు. 246 పెట్టెలో పలకల క్లచ్చి ఉన్నది గనుక దానికి ఆటో-ట్రాక్ 2 అను వేరు ఆయిలు. 261 పెట్టెకు ఆటోమాటిక్ గేరుబాక్సు ఆయిలు. పాత 205 పెట్టెకు చిక్కని గేరు ఆయిలు. ఒకదాని మందు ఇంకొకదానికి విషమగును.

ఇంతటితో పని ముగిసినదని చేతులు కడుగుకొనువారే ఎక్కువ. కాని బల్లపైనున్న పాత పెట్టెను విప్పి చదువుట ఇంకను మిగిలియున్నది. కవచమున రాపిడి రంధ్రము కనబడినచో క్రొత్త పెట్టెలోను అదే పంపు, అదే రేకు ఉన్నదేమో చూడవలెను. ఉన్నచో గోడను రాయని విధముగా సవరించిన పంపు తొడుగులు అంగడిలో దొరకును. వానిని బిగించుటకు ముందే అమర్చుకొనవలెను. గొలుసు సాగియున్నచో నాలుగు టైర్ల కొలతలు తీయవలెను. ముందు వెనుక ఇరుసుల పళ్ల నిష్పత్తి ఒక్కటేనా యని పరికింపవలెను. కొందరు పాత బండి ఇరుసును మార్చునప్పుడు 3.73 నిష్పత్తి గలదాని చోట 4.10 దానిని తెచ్చి పెట్టుదురు. అట్టి బండిలో ఎన్ని పెట్టెలు మార్చినను నిలువవు. అరిగినది పెట్టె; దోషము ఇరుసుది.

ఉపాధ్యాయులకు ఇది క్రొత్త సంగతి కాదు. విద్యార్థి వ్రాసిన తప్పును ఎర్రసిరాతో కొట్టి, పైన ఒప్పును వ్రాసి యిచ్చుట సులభము. అతడు శకటరేఫమునకు సాధురేఫము ఏల వ్రాసెను, భిన్నములలో హారములను ఏల కూడెను అని విచారించుట కష్టము. విచారింపనిచో అదే తప్పు సంవత్సరాంత పరీక్షలో తిరిగి కనబడును. మనము మార్చినది జవాబును మాత్రమే. జవాబు పుట్టిన చోటును ముట్టుకొననైతిమి. మేస్త్రీ బల్లపై పాత పెట్టెను విప్పి చూచుటయు, గురువు దిద్దిన కాగితమును మరల చదువుటయు ఒకే జాతి పనులు. రెండింటికిని ఎవ్వరును వేరుగా కూలి యియ్యరు. రెండింటివలనను కలుగు లాభము మరుసటి ఏట గాని తెలియదు.

పాత బండిని నమ్ముకొన్నవాడు దాని అరలో చిన్న పుస్తకమొకటి ఉంచుకొనుట మేలు. పెట్టె మార్చిన తేదీ, అప్పటికి బండి తిరిగిన దూరము, పోసిన ఆయిలు పేరు, టైర్లు మార్చిన దినము అందు వ్రాసికొనవలెను. ఇంజను ఆయిలు మార్చిన ప్రతిమారును బదిలీ పెట్టె ప్రక్కనున్న మరను కూడ విప్పి వ్రేలు పెట్టి చూడవలెను. ఆయిలు వ్రేలికి తగిలినచో మరను తిరిగి బిగింపవచ్చును. తగులనిచో నేల ఎంత పొడిగా నున్నను ఆ దినమున బండి కదలరాదు.